గూటి తలుపు మూసే హక్కు

సూర్యుడు పడమటికి వాలేసరికి పెరట్లోని కోళ్ళు ఎవరూ పిలవకుండానే గూటి దారి పడతాయి. ఒక్క పిల్లల కోడి మాత్రం రాదు. తన పది పన్నెండు పిల్లల్ని వెంటేసుకుని గడ్డివాము పక్కనో, కట్టెల మోపు చాటునో, అరుగు కిందో రెక్కలు విప్పుకుని కూర్చుండిపోతుంది. ఇంటివారు ముందు నూకలు చల్లి పిలుస్తారు. రాకపోతే కర్ర పుచ్చుకుని తరుముతారు. తల్లి ఒక వైపు, పిల్లలు తలో వైపు పరుగెడతాయి. చివరికి చేతికి దొరికినవాటిని దొరికినట్టు పట్టి గూట్లో పడేసి తలుపు వేస్తారు. మరునాటి సాయంత్రం మళ్ళీ అదే తంతు. పోనీలే అని ఒక రాత్రి వదిలేస్తే ఏ బావురుపిల్లో, కుక్కో వచ్చిపోతుంది. తెల్లవారాక లెక్క చూసుకుంటే పన్నెండింటిలో నాలుగే మిగులుతాయి.

కోళ్ళు పెంచే ప్రతి ఇంటికీ తెలిసిన విషయమే ఇది. చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని కాస్త నిలిచి ఆలోచిస్తే ఇందులో ఒక పెద్ద నైతిక ప్రశ్న ఇమిడి ఉంది. తన మేలేమిటో మనం వివరించి చెప్పలేని ప్రాణిని, దాని మేలు కోసమే అయినా, దాని ఇష్టానికి వ్యతిరేకంగా బంధించే హక్కు మనకుందా? ఉంటే దానికి హద్దులేమిటి? రండి, ఈ విషయాన్ని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

అది ఎందుకు రాదు?

పిల్లల కోడి గూటికి రాకపోవడాన్ని మనం మొండితనం అంటాం. ఆ మాట అనేముందు దాని స్థితిని అర్థం చేసుకోవాలి. మన పెరటి కోడి పూర్వీకులు అడవి కోళ్ళు. పగలు నేల మీద గింజలు, పురుగులు ఏరుకుని, రాత్రి చెట్టు కొమ్మలెక్కి నిద్రించడం వాటి స్వభావం. ఎత్తైన చోట నిద్రించాలనే ఆ కోరికే నేటికీ కోళ్ళను సాయంత్రం గూటి దండెం మీదికి నడిపిస్తోంది. అయితే ఇరవై ఒక్క రోజులు పొదిగి పిల్లల్ని చేసిన పెట్ట ఈ అలవాటును తాత్కాలికంగా వదులుకుంటుంది. ఎందుకంటే, పిల్లలు ఎగరలేవు. ఒళ్ళంతా ఈకలు రావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అంతవరకూ తమ ఒంటి వెచ్చదనాన్ని అవి పూర్తిగా నిలుపుకోలేవు. తల్లి రెక్కల కింద దూరితేనే వాటికి రాత్రి గడుస్తుంది. కనుక తల్లి పిల్లలతోపాటు నేల మీదే ఉండిపోతుంది. తనకు అలవాటైన ఎత్తును, క్షేమాన్ని పిల్లల కోసం వదులుకుంటుందన్నమాట.

అంతేకాదు, మందలోని ఇతర కోళ్ళు కొత్త పిల్లల్ని పొడుస్తాయని దానికి భయం. గూటి గుమ్మం ఎత్తుగా ఉంటే పిల్లలు ఎక్కలేవు. పిల్లలు కిందే ఉండి అరుస్తుంటే తల్లి లోపలికి వెళ్ళదు. ఇన్ని కారణాలుండగా మనకు కనిపించేది మాత్రం మొండితనం. మాట్లాడలేని ప్రాణి విషయంలో మనం చేసే మొదటి అన్యాయం ఇదే. దాని నిరాకరణకు కారణం వెతకకుండా, దానికి ఒక చెడ్డపేరు పెట్టి ఊరుకుంటాం.

వదిలేయడం స్వేచ్ఛ అవుతుందా?

'అలాగైతే దాని ఇష్టానికే వదిలేద్దాం. దేవుడిచ్చిన స్వభావం దానికుంది కదా!' అని కొందరు అనవచ్చు. ఈ మాట వినడానికి దయగా ఉంటుంది. కాని ఆ కోడిని ఇంటికి తెచ్చింది మనం. దట్టమైన పొదలు, ఎత్తైన చెట్లు ఉన్న చోటు నుంచి దాని జాతిని వేల ఏళ్ళ క్రితమే ఊళ్ళోకి తెచ్చింది మన పూర్వీకులు. ఎక్కువ గుడ్ల కోసం, ఎక్కువ మాంసం కోసం దాన్ని తరతరాలుగా మలచుకున్నదీ మనుషులే. ఇప్పుడు అది బతికేది మన పెరట్లో. ఆ పెరట్లో దాక్కోవడానికి దానికి దొరికేది ఒక కట్టెల మోపు మాత్రమే. ఆ మోపు చుట్టూ తిరిగే కుక్కలు, పిల్లులు కూడా మన ఊరి ఎంగిలి మెతుకులతో పెరిగినవే. ఆత్మరక్షణ సాధనాలు తీసేసుకుని, ఆ తర్వాత 'నీ ఇష్టం' అనడం స్వేచ్ఛనివ్వడం కాదు, బాధ్యత వదిలించుకోవడం.

కాబట్టి పిల్లల కోడిని గూటికి అలవాటు చేయడం తప్పు కాదు సరికదా, అది దాన్ని పెంచుకునేవారి విధి. అయితే విధి అన్నమాటతోనే ప్రశ్న ముగిసిపోదు. నిజానికి అక్కడే మొదలవుతుంది.

గడియ వేసిన క్షణం

బయట కట్టెల మోపు చాటున పడుకున్న కోడికి ఒక అవకాశం ఉంటుంది. ముంగిస వస్తే అది అరవగలదు, పరుగెత్తగలదు, ఎగరగలదు, పొడవగలదు. కొన్ని పిల్లలైనా చెల్లాచెదరై బతుకుతాయి. గూట్లో పెట్టి గడియ వేసిన మరుక్షణం ఆ అవకాశాలన్నింటినీ మనం తీసేసుకున్నాం. ఇప్పుడు అది ఆకలి వేస్తే మేత వెతుక్కోలేదు, దాహం వేస్తే నీళ్ళ దగ్గరకు పోలేదు, ఎండ మండితే నీడకు జరగలేదు, శత్రువు దూరితే పారిపోలేదు. అది తన కోసం చేసుకోగలిగినవన్నీ ఇక మనమే చేయాలి. తలుపు మూసిన చేయి ఆ లోపల జరిగే ప్రతిదానికీ జవాబుదారీ.

పిల్లిని బంధించిన స్త్రీ గురించి దైవప్రవక్త (సఅసం) తెలిపిన వృత్తాంతం మనందరికీ తెలిసిందే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ అది ఉంది. దానిలో ఒక సూక్ష్మాన్ని మనం సాధారణంగా గమనించం. ఆమె పిల్లిని కొట్టిందనో, చంపిందనో అక్కడ లేదు. దాన్ని కట్టి ఉంచింది, తిండి పెట్టలేదు, తన తిండి తాను వెతుక్కోవడానికి వదలనూ లేదు. నేరం ఆ రెండింటి మధ్య ఉంది. వదిలి ఉంటే పిల్లి తన బతుకు తాను బతికేది. బంధించి పోషించి ఉన్నా బతికేది. బంధించి బాధ్యత మరవడమే ఆమెను శిక్షార్హురాల్ని చేసింది. గూటి గడియ మీద చేయి వేసే ప్రతివారికీ ఈ వృత్తాంతం వర్తిస్తుంది.

కనుక కోడిని లోపలికి తోలేముందు గూటిని పరీక్షించాలి. కోళ్ళు బయటికి రాకుండా కట్టే పెద్ద కళ్ళ వల ముంగిసను ఆపలేదు. పిల్లలున్న గూటికి అర అంగుళానికి మించని కళ్ళున్న గట్టి ఇనుప జాలీ కావాలి. నేల, గోడ కలిసేచోట సందులుంటే పాము దూరుతుంది. తలుపుకు తాడు ముడి చాలదు, గడియ ఉండాలి. గాలి పైభాగం నుంచి ఆడాలి, పిల్లలు పడుకునే ఎత్తులో ఈదర కొట్టకూడదు. కింద పరిచిన ఊక తడిసి ఘాటు వాసన వస్తుంటే మార్చాలి. రేకుల గూడైతే వేసవి పగటి పూట కోళ్ళను అందులో మూసి ఉంచడం నిప్పుల మీద పెట్టడమే.

ఇంకొక విషయం. చీకటి పడ్డాక పగుళ్ళలోంచి బయటికి వచ్చి కోళ్ళ రక్తం పీల్చే సన్నని పురుగులు కొన్ని ఉంటాయి. పగలు చూస్తే గూడు శుభ్రంగానే కనిపిస్తుంది. రాత్రి దీపం వెలుగులో దండెం కింది భాగం చూస్తే బండారం బయటపడుతుంది. అలవాటున్న కోళ్ళు కూడా ఒక్కసారిగా గూటికి రావడం మానేస్తే దీన్ని అనుమానించాలి. కోడి ఫిర్యాదు చేయలేదు. రాకపోవడమే అది చేయగల ఫిర్యాదు. ఆ ఫిర్యాదును విచారించకుండా కర్ర అందుకునేవారు న్యాయాధికారి స్థానంలో కూర్చుని సాక్షిని కొట్టినవారవుతారు.

మన దేశపు చట్టం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం నేరం. చట్టం ప్రతి పెరట్లోకీ వచ్చి చూడలేదు. అక్కడ చూడవలసింది మన మనస్సాక్షే.

తల్లికి కలిగే కలవరం

కోడికి ఏం తెలుస్తుందిలే అనేవారున్నారు. ఇంగ్లాండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ మాటకు సమాధానమిస్తుంది. పిల్లల మీద కొద్దిగా గాలి ఊది వాటిని స్వల్పంగా ఇబ్బంది పెట్టినప్పుడు, దూరంగా ఉండి చూస్తున్న తల్లి కోళ్ళ గుండె వేగం పెరిగింది. అవి మరింత అప్రమత్తమై పిల్లల్ని పిలిచే శబ్దాలు చేశాయి. అదే విశ్వవిద్యాలయం వారు 2013లో వెలువరించిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. తల్లి కలవరానికి పిల్లల అరుపులు మాత్రమే కారణం కాదట. ఆ చోటు ప్రమాదకరమని తనకు ముందే అనుభవమై ఉంటే, అక్కడ పిల్లల్ని చూసి తల్లి కలత చెందుతుంది.

దీని అర్థం ఏమిటి? మొదటి రోజు సాయంత్రం మనం కోడిని తరిమి, రెక్క పట్టి లాగి, గూట్లో విసిరేశామనుకుందాం. మన దృష్టిలో అది క్షేమమైన చోటు. దాని దృష్టిలో మాత్రం భయం కలిగిన చోటు. తర్వాత ప్రతి సాయంత్రం పిల్లలు ఆ వైపు అడుగు వేస్తే తల్లి వాటిని వెనక్కి పిలుస్తుంది. తల్లిగా అది తన పని తాను సరిగ్గా చేస్తోంది. దానికి తప్పుడు పాఠం నేర్పింది మన తొందరపాటు.

ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షి గూటి నుంచి రెండు పిల్లల్ని తీసుకున్నప్పుడు, తల్లి పక్షి వచ్చి రెక్కలు పరచి అల్లాడిపోయిన సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) దాన్ని ఉల్లేఖించారు. దైవప్రవక్త (సఅసం) ఆ తల్లిని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. పరిశోధన పరికరాలు గుండె వేగాన్ని కొలవడానికి దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ ముందే, ఒక తల్లి పక్షి బాధను బాధగా గుర్తించి తీర్పు చెప్పిన ఉదంతమిది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కోడిని గూటికి రప్పించడానికి చాలామంది చేసే పని పిల్లల్ని ముందు పట్టి లోపల పెట్టడమే. పిల్లల అరుపు విని తల్లి తనంతట తానే వెళుతుంది. ఇది తల్లి ప్రేమను ఎరగా వాడుకోవడం కాదా? కొంతవరకు నిజమే. కాని ఎరకు, దారి చూపడానికి తేడా ఉంది. తల్లికి కనిపించేలా, దగ్గరగా, నిమిషాల్లో కలుసుకునేలా చేస్తే అది దారి చూపడం. పిల్లల్ని కనబడనంత దూరం తీసుకుపోయి, తల్లిని అరిపించి, అలసిపోయాక పట్టుకోవడం హింస. రెండింటిలోనూ కోడి చివరికి గూట్లోకే చేరుతుంది. ఫలితం ఒకటే అయినంత మాత్రాన పని ఒకటి కాదు.

నెమ్మదిగా నేర్పే విధానం

ఇక ఆచరణ విషయానికి వద్దాం. అనుభవజ్ఞులు పాటించే విధానంలో కష్టంలో ఎక్కువ భాగం కోడికి కాక మనిషికే వస్తుంది. అందుకే అది మంచి విధానం.

కోడికి చీకట్లో చూపు సరిగా ఆనదు. కాబట్టి పగలు తరమకుండా పూర్తిగా చీకటి పడేవరకు ఓపిక పట్టాలి. అది పడుకున్నచోటికే వెళ్ళి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టి ఎత్తాలి. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు. కోడికి మనలా ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుపొర లేదు. తలకిందులైతే లోపలి అవయవాల బరువు గాలి సంచుల మీద పడి ఊపిరాడక అవస్థ పడుతుంది. పిల్లల్ని ఒక బుట్టలో తల్లి వెంటే తీసుకువెళ్ళి దాని రెక్కల కింద వదలాలి. మిగతా కోళ్ళు పొడవకుండా గూట్లో ఒక మూల జాలీతో వేరు చేయాలి. పిల్లల కోడికి దండెం అక్కర లేదు, పొడి ఊక పరిచిన నేల చాలు.

ఆ తర్వాత మూడు నాలుగు రోజుల నుంచి వారం దాకా తల్లీ పిల్లల్ని గూట్లోనో, దానికి ఆనుకుని జాలీ కట్టిన చిన్న దొడ్లోనో ఉంచాలి. ఈ రోజుల్లో నీడ, మేత, నీళ్ళు అన్నీ మన పూచీ. పిల్లలు పడి మునగకుండా నీళ్ళ పళ్ళెం లోతు తక్కువగా ఉండాలి, అందులో గులకరాళ్ళు వేయాలి. వారం తిరిగాక ఉదయాన్నే కాక, పొద్దు వాలడానికి గంట ముందు తలుపు తీయాలి. దూరం పోవడానికి వ్యవధి ఉండదు కనుక కాస్త తిరిగి చీకటి వేళకు తల్లి తెలిసిన చోటికే వస్తుంది. లోపల కొద్దిగా నూకలు చల్లి ఉంచాలి. గుమ్మానికి పిల్లలు ఎక్కగలిగే వాలు పలక ఒకటి ఆనించాలి. రోజురోజుకూ తలుపు తీసే వేళను ముందుకు జరుపుతూ పోవాలి. మధ్యలో ఒక రాత్రి అది పాత చోటుకే వెళ్ళిందంటే కోపం తెచ్చుకోనక్కరలేదు. చీకటి పడేదాకా ఆగి, మళ్ళీ మెల్లగా ఎత్తి తేవాలి.

పిల్లలకు వేరే శిక్షణ అవసరం లేదు. గుడ్డు నుంచి బయటపడిన కొద్ది గంటల్లోనే తల్లిని గుర్తుపట్టి వెంట నడిచే గుణం వాటికుంది. కోడిపిల్లల్లోని ఈ గుణాన్ని 1873లోనే డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆంగ్ల పరిశీలకుడు వివరించాడు. తల్లి గూటికి వస్తే అవీ వస్తాయి. తల్లి వాటిని వదిలి తిరిగి దండెమెక్కే నాటికి ఆ గూడే తమ ఇల్లని వాటికి తెలిసిపోతుంది. తల్లి భయపడితే ఆ భయాన్నీ నేర్చుకుంటాయి. అందుకే శ్రద్ధంతా తల్లి మీద పెట్టాలి.

కోసుకుని తినే కోడికి ఇంత ఆలోచనా?

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. ఎప్పుడో ఒకనాడు కత్తి కింద పెట్టే ప్రాణి నిద్ర గురించి ఇంత విచారం దేనికని. ఇది బరువైన ప్రశ్నే, దీన్ని దాటవేయకూడదు.

ఒక ప్రాణి నుంచి ప్రయోజనం పొందే అనుమతి వేరు, దాని బాధ పట్ల నిర్లక్ష్యంగా ఉండే అనుమతి వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది రాదు. జిబహ్ చేసే సమయంలో సైతం కత్తిని పదును పెట్టుకోవాలని, పశువుకు బాధ తగ్గించాలని ధర్మం నిర్దేశించింది. చివరి క్షణానికే ఇంత కట్టడి ఉంటే, అంతకు ముందున్న వందలాది రాత్రుల సంగతేమిటి? ఆ రాత్రులు మన లెక్కలో లేవని ఎలా అనుకోగలం? పైగా దాని గుడ్లు తినేది, దాని పిల్లల్ని అమ్ముకునేది మనం. లాభం తీసుకున్నచోట రుణం కూడా ఉంటుంది.

అయితే మరొక అనుమానం కూడా న్యాయమైనదే. 'దాని మేలు కోసమే' అనే మాటను మనిషి తన సౌకర్యానికి కప్పే ముసుగుగా వాడుకోగలడు. కాలు మడిచి తిప్పడానికి చోటులేని ఇనుప బోనుల్లో గుడ్ల కోళ్ళను జీవితాంతం ఉంచేవారు కూడా, శత్రువుల నుంచి, రోగాల నుంచి కాపాడుతున్నామనే చెబుతారు. అటువంటి పాత పద్ధతి బోనులను ఐరోపా సమాజ దేశాలు 2012 జనవరి 1 నుంచి నిషేధించాయి. ఇనుప బోను, పెరటి గూడు రెండూ తలుపున్నవే. రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలి?

మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఒకటి, ఈ బంధనం వల్ల మొదట తప్పే ప్రమాదం ఆ ప్రాణిదా, మన శ్రమా? రెండు, దీనికయ్యే కష్టంలో మన వంతు ఉందా, లేక అంతా దాని మీదే పడుతోందా? మూడు, ఈ బలవంతం రోజులు గడిచేకొద్దీ తగ్గుతోందా? ఈ మూడవదే అసలైన గీటురాయి. సరైన పద్ధతిలో నేర్పిన పిల్లల కోడి కొన్నాళ్ళకు ఎవరూ తోలకుండానే పిల్లలతో వచ్చి కూర్చుంటుంది. తెల్లవారగానే తలుపు తెరిస్తే పెరడంతా దానిదే. బలవంతం తన అవసరం తానే తీర్చుకుని తప్పుకుంది. ఇనుప బోనులో ఆ రోజు ఎన్నటికీ రాదు.

మన ఇళ్ళకూ ఇదే కొలత

మన అధీనంలో ఉన్నవారందరి విషయంలోనూ ఇది వర్తిస్తుంది. చిన్న పిల్లలు, మతి తప్పిన వృద్ధులు, రోగులు మొదలైనవారి మేలు కోసం ఒక్కోసారి మనం తలుపు వేయవలసి వస్తుంది. అలా వేయడం తప్పు కాదు. కాని ఒక ముఖ్యమైన తేడా ఉంది. కోడికి మనం కారణం చెప్పలేం, అందుకే ఓపికతో అలవాటు చేస్తాం. మనిషికి కారణం చెప్పగలం. అర్థం చేసుకోగల కొడుక్కీ, కూతురికీ, ఇల్లాలికీ కారణం చెప్పకుండా గడియ వేసేవారు వారిని మూగజీవి కంటే తక్కువగా చూసినవారవుతారు. మూగజీవికైతే కనీసం ఆ ఓపికైనా దక్కుతుంది కదా!

సాయంత్రం గూటి తలుపు మూసేటప్పుడు పెద్దలు పిల్లల్ని ఒకటి, రెండు అంటూ లెక్కపెడతారు. ఒకటి తగ్గితే దీపం పట్టుకుని వెతుకుతారు. ఆ లెక్క కోళ్ళ లెక్క మాత్రమే కాదు, మనకు అప్పగించబడిన అమానతు లెక్క. దాన్ని అడిగేవాడొకడు ఉన్నాడన్న ఎరుకతో గడియ వేసేవారికే ఆ తలుపు మూసే హక్కు ఉంటుంది.